సెల్ టవర్ రిగ్గర్‌గా చేరొచ్చా? రిస్క్ ఎంత, కిక్కు ఎంత?

అడిగిన ప్రశ్న: "అన్నా, ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయిపోయింది. ఒక సబ్ కాంట్రాక్టర్ టవర్ రిగ్గర్‌గా రమ్మంటున్నాడు. నాన్న ససేమిరా అంటున్నారు. ఎక్కగా ఎక్కగా భయం పోతుందా? నిజంగా ఎంత ప్రమాదం? ఎక్కేవాళ్లేమో ఆ కిక్కే వేరు అంటున్నారు. చేరమంటారా?"

తమ్ముడూ, నేనూ రిగ్గర్‌గానే, అంటే టవర్ ఎక్కి యాంటెన్నాలు బిగించే పనితోనే మొదలుపెట్టాను. కోస్తాలోనూ తెలంగాణలోనూ సెల్ టవర్లు ఎక్కాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు ఎక్కడం నేర్పుతున్నాను. మీ నాన్నగారి భయాన్ని తీసిపారేయను. కాకపోతే ఆయన ఎత్తును చూసి భయపడుతున్నారు. నన్నడిగితే భయపడాల్సినవి వేరే ఉన్నాయి.

పొలాల మధ్య కనిపించే నాలుగు కాళ్ల టవర్లు ఎక్కువగా 40 మీటర్లవి. అంటే 130 అడుగులు, పదమూడంతస్తుల మేడ ఎత్తు. 60 మీటర్లవీ ఉంటాయి. 40 మీటర్ల నుంచి ఏది జారినా మూడు సెకన్ల లోపే నేల మీద ఉంటుంది. తాకేటప్పటికి వేగం గంటకు 100 కిలోమీటర్లు. మనిషికీ అదే లెక్క, చేతిలోంచి జారిన స్పానర్‌కీ అదే లెక్క. ఇది విన్నవాళ్లంతా టవర్ చివరను తలుచుకుని గుండెలు పట్టుకుంటారు. కానీ పైన కూర్చుని పనిచేసేవాడు మామూలుగా గట్టిగానే కట్టుకుని ఉంటాడు. నడుముకు కదలకుండా నిలబెట్టే పొజిషనింగ్ తాడు, వీపు వెనక పడితే ఆపే తాడు, అంటే లాన్యార్డ్, ఒళ్లంతా కళ్లు. జరగరానిది జరిగేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. మరీ ముఖ్యంగా పనైపోయి దిగేటప్పుడు. ఆకలేస్తుంటుంది, కింద బండి స్టార్ట్ చేసి పెట్టుంటారు, ఇంకో ఆరేడు మీటర్లే కదా అని హుక్కు వేయడం మానేస్తాడు. ఆరేడు మీటర్లంటే రెండంతస్తుల డాబా. దాని మీద నుంచి పడి బతికి బట్టకట్టేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లూ ఉంటారు.

హుక్కు మార్చడం ఈ ఉద్యోగంలో సగం. లాన్యార్డ్‌కు రెండు తోకలుంటాయి, ఒక్కోదానికి ఒక పెద్ద హుక్కు. కుడి హుక్కు తల కంటే పైన వేస్తావు. గేటు టక్కున మూసుకున్న చప్పుడు వినాలి, ఒకసారి లాగి చూడాలి, ఆ తర్వాతే ఎడమది తీయాలి. రెండడుగులు ఎక్కి ఎడమది పైన వేసి, కుడిది తీయాలి. కింద నుంచి పైదాకా ఇదే వరస. రెండు హుక్కులూ ఒకేసారి ఊడి ఉన్న క్షణం ఒక్కటి కూడా ఉండకూడదు. చెప్పుకోవడానికి తేలిగ్గానే ఉంటుంది. 40 మీటర్లు అలా ఎక్కి చూడు, భుజాలు లాగేస్తాయి. మే నెలలో చెమటకు గ్లవ్స్ నాని, గేటు నొక్కడానికే వేళ్లు రావు. అందుకే చాలామంది దారంతా ఒట్టి చేతులతో ఎక్కేసి, పైకి చేరాక మాత్రం హుక్కు వేసుకుని ఫొటో దిగుతారు. ఫొటోలో హార్నెస్, అంటే ఒంటికి తొడుక్కునే పట్టీల జత, కనిపిస్తుంది, గ్రూపులో పెడతారు, ఆఫీసులో అందరూ సంతోషం.

హుక్కు ఎక్కడ వేస్తున్నావన్నది కూడా చూసుకోవాలి. కేబుల్ ట్రేకి వేయకూడదు, యాంటెన్నా బిగించే పైపుకి వేయకూడదు, కాలు పెట్టే స్టెప్ బోల్టుకి అసలే వేయకూడదు. టవర్ కాలును, అడ్డ యాంగిల్‌ను బోల్టులతో కలిపిన చోటు ఉంటుంది, అక్కడ వేయాలి. తల పైన వేసుకుంటే జారినా వేలాడతావంతే. అదే హుక్కు పాదాల దగ్గర ఉంటే, రెండు మీటర్ల లాన్యార్డ్ నిన్ను ఆపేలోపు నాలుగు మీటర్లు పడిపోయి ఉంటావు. అప్పటికి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటుతుంది. ఆ కుదుపు నడుముకూ వెన్నుకూ తగలకుండా షాక్ అబ్జార్బర్ అనే చిన్న సంచి ఉంటుంది. దాని లోపలి కుట్లు ఒక్కొక్కటీ తెగుతూ దెబ్బను మింగుతాయి. అలా తెగుతూ అది ఇంకో మీటరున్నర దాకా సాగుతుంది. మొత్తం కలిపితే హుక్కు కింద ఆరు మీటర్ల పైన ఖాళీ కావాలి. టవర్ లోపల అంత ఖాళీ ఎక్కడుంది? ఎక్కడ చూసినా ఇనుమే. పడేది కొంచెమే అయినా తలో మోకాలో యాంగిల్‌కు కొట్టుకుంటుంది. పాదాల దగ్గర హుక్కు వేసినవాడిని నేను కింద నుంచే కేకేసి ఆపేది ఇందుకే.

కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. వాడని హుక్కు వేలాడుతుంటే చిరాకేసి, దాన్ని నడుం పక్కనున్న రింగుకు తగిలించేస్తారు. అలా తగిలిస్తే పడినప్పుడు లాగుడంతా ఆ రెండో తోక గుండా పోతుంది. అబ్జార్బర్ తెగాల్సినట్టు తెగదు, ఉండీ లేనట్టే. వాడని హుక్కు పెట్టుకోవడానికి మంచి హార్నెస్‌కు ఛాతీ దగ్గర వేరే లూప్ ఇస్తారు, కొంచెం లాగితే ఊడొచ్చేది. అక్కడే పెట్టాలి. ఇక ఒట్టి నడుం బెల్టు ఇచ్చి ఎక్కమంటే మారు మాట్లాడకుండా వచ్చెయ్. పడితే ఆ బెల్టే నడుము విరుస్తుంది. హార్నెస్ లేబుల్ మీద ఐఎస్ 3521 అనో ఈఎన్ 361 అనో ఉందా, తయారీ తేదీ చెరిగిపోకుండా ఉందా చూడు. ఒకసారి పడి, అబ్జార్బర్ కుట్లు తెగినదాన్ని మళ్లీ వాడకూడదు. టవర్లకు ఎరుపు, తెలుపు రంగులు వేసేవాళ్ల దగ్గర పాత హార్నెస్ కొనకు. పెయింటూ థిన్నరూ పడి ఆ పట్టీ లోపల్లోపలే పాడైపోయి ఉంటుంది, చూస్తే తెలియదు.

ఇక కిక్కు సంగతి. ఉంది, నిజంగా ఉంది. లేదని చెప్పే రిగ్గర్ అబద్ధమైనా చెబుతుండాలి, లేదా చిరాకులోనైనా ఉండాలి. తెల్లవారుజామున ఎక్కితే కింద మంచు పొర, దాని మీద కొబ్బరి చెట్ల తలలు మాత్రమే కనిపిస్తాయి. గోదావరి జిల్లాల్లో ఆ సమయంలో పైన కూర్చున్నవాడికి జీతం సంగతి కాసేపు గుర్తుండదు. కానీ నాకు అసలు మజా చూసేదాంట్లో కన్నా రెండు టవర్లను గాల్లోనే కలిపే మైక్రోవేవ్ లింకును సరిగ్గా ఎదురెదురుగా తిప్పి పెట్టేదాంట్లో, అంటే అలైన్ చేసేదాంట్లో ఉంది. డోలులా గుండ్రంగా ఉండే ఆ యాంటెన్నా, ఎన్నో కిలోమీటర్ల అవతల ఇంకో టవర్ మీదున్న దాని జోడీని చూడాలి. అక్కడ ఇంకో రిగ్గర్ కూర్చుని ఉంటాడు, ఇద్దరికీ మధ్య ఫోనే ఆధారం. యాంటెన్నా వెనక యూనిట్‌కు మల్టీమీటర్ తగిలించి, నట్టు కొంచెం వదులు చేసి, వెంట్రుకవాసి జరుపుతూ సిగ్నల్ బలం రీడింగ్ చూస్తుంటావు. మైనస్ 38 రావాల్సిన చోట మైనస్ 60 దగ్గర ఆగిపోయి, ఎటు కొంచెం తిప్పినా ఇంకా పడిపోతుంటే అది సైడ్ లోబ్, అంటే అసలు సిగ్నల్ కాదు, దాని పక్కకు చిందే బలహీనమైన సిగ్నల్. కొత్తవాళ్లు "ఇదే మ్యాగ్జిమమ్ అన్నా" అని అక్కడే బిగించేస్తారు. ధైర్యం చేసి దాన్ని దాటించాలి. సిగ్నల్ మొత్తం పోతుంది, అవతలివాడు ఫోన్లో తిడతాడు, ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా రీడింగ్ ఎగబాకుతుంది. ఆ క్షణం కోసం మళ్లీ మళ్లీ ఎక్కొచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత లింకులు సరిచేయడానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. నిలబడిన టవర్ల మీద కూడా యాంటెన్నాలు గాలికి మెడ తిరిగిపోయి ఉన్నాయి. పైకెక్కి చూస్తే కొండల మీద పచ్చదనమన్నదే లేదు, ఆకులన్నీ రాలి కాల్చినట్టున్నాయి. గాలి తగ్గినా ప్రతి టవర్‌నూ ముందు కింద నుంచి నమ్మకంగా చూసుకోకుండా ఎక్కలేదు. వంగిన యాంగిల్ ఉందా, బేస్ దగ్గర నట్లు కదిలాయా, పైన ఊగులాడుతున్న రేకు ఏదైనా ఉందా అని. ఒక లింకు కలిసిన కొద్దిసేపటికి కింద గుమిగూడినవాళ్ల ఫోన్లు వరసగా మోగడం మొదలైంది. అందరూ ఒకేసారి "బాగానే ఉన్నాం, బాగానే ఉన్నాం" అని గట్టిగా అరుస్తున్నారు. పైనుంచి మాకు ఆ మాటే వినిపించింది. ఈ ఉద్యోగం మంచిదా అని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది అదే.

నువ్వు చూసి ఉంటావు, 2010లో వైరల్ అయిన అమెరికా వీడియో ఒకటుంది. 1768 అడుగుల టవర్. చాలా దూరం లోపలి చిన్న లిఫ్టులో వెళ్లి, మిగిలింది ఒక రిగ్గర్ హుక్కు లేకుండా ఎక్కుతాడు. మన కుర్రాళ్లు దాన్ని చూసి మగతనం అనుకుంటారు. అమెరికాలోనే 628 మీటర్ల టీవీ మాస్ట్ ఉంది, నార్త్ డకోటాలో. అంత ఎత్తులో ప్రతి అడుగుకూ హుక్కు మార్చాలంటే రోజంతా సరిపోదన్నది అప్పట్లో వాళ్లు చెప్పే సాకు. మన 40 మీటర్లకు ఆ సాకు కూడా లేదు. పద్ధతిగా ఎక్కినా అరగంట చాలు.

భయం పోతుందా అని అడిగావు. మొదటి రోజు మోకాళ్లు కుట్టుమిషన్‌లా ఆడతాయి. అది పిరికితనం కాదు, నిచ్చెనను చేతులతో పిసికేసి, కాళ్లకు పని చెప్పకపోవడం వల్ల. బరువు కాళ్ల మీద వేసి, చేతులు పట్టుకోవడానికే వాడితే తగ్గుతుంది. అందరూ కిందికి చూడొద్దంటారు. నేనైతే పైకి చూడొద్దంటాను. మబ్బులు కదులుతుంటే టవరే పడిపోతున్నట్టు అనిపిస్తుంది, పాతవాళ్లకు కూడా ఒక్క క్షణం ఒళ్లు జల్లుమంటుంది. ఒంటి స్తంభం టవర్లయితే గాలికి నిజంగానే ఊగుతాయి, ఊగేలాగే కడతారు. ఇదంతా కొన్ని వారాల్లో అలవాటవుతుంది. అలా అలవాటుకాకుండా కళ్లు తిరగడం, చెమటలు పట్టడం కొనసాగితే మాత్రం ఆపెయ్. అది సిగ్గుపడాల్సింది కాదు, శరీరం తీరు. బీపీ, ఫిట్స్, చెవి సమస్య వల్ల కళ్లు తిరగడం ఉన్నవాళ్లు అసలు ఎక్కకూడదు. పద్ధతి తెలిసిన చోట ముందే వర్టిగో టెస్ట్ చేసి హైట్ పాస్ ఇస్తారు. రాత్రి పెగ్గు వేసి పొద్దున ఎక్కేవాడితో జట్టు కట్టకు, వాడు ఎంత పనిమంతుడైనా సరే.

మన దగ్గర ఇంకో తమాషా ఉంది. సెల్ టవర్ ఎక్కాడంటే జనానికి గుర్తొచ్చేది నిరసన. పొలం గొడవో, పెళ్లి గొడవో అనుకుంటారు. కొత్త ఊళ్లో ఎక్కితే ఎవరో ఒక పెద్దాయన కింద నుంచి "నీ డిమాండేంది బిడ్డా, దిగి మాట్లాడుకుందాం" అని అరుస్తాడు. నవ్వు వస్తుంది కానీ, అలా మూగే జనమే మనకు పెద్ద టెన్షన్. నేను చెప్పిన 100 కిలోమీటర్ల స్పానర్ గుర్తుందిగా. పిల్లలు సరిగ్గా కిందే నిలబడి నోరు తెరిచి చూస్తుంటారు, మేకలు టవర్ నీడలో పడుకుంటాయి. చుట్టూ తాడు కట్టి అందరినీ దూరం జరపడం గ్రౌండ్‌లో ఉన్నవాడి పని. పనిముట్లన్నీ చేతికో బెల్టుకో తాడుతో కట్టి ఉండాలి.

తేనెటీగల్ని తేలిగ్గా తీసుకోకు. పెద్ద తేనెటీగలకు ఎత్తయిన చోటంటే ఇష్టం, టవర్ పైన యాంటెన్నాల చాటున తుట్టె పెడతాయి. మనం ఎక్కే అదురుకే రేగుతాయి. నేల మీదైతే పరుగెత్తొచ్చు, నిచ్చెన మీద ఏం చేస్తావు? గాభరాలో హుక్కు మార్చడం మర్చిపోవడమే అసలు ప్రమాదం. తుట్టె కనిపిస్తే ఆ రోజు ఎక్కేది లేదు, తీసేవాళ్లను పిలిపించాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పిడుగులు కూడా అంతే. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లుంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలోనే ఉందని అర్థం. దిగడానికి పావుగంట పైనే పడుతుంది, కాబట్టి ఉరుము వినపడ్డాక పని ముగించి దిగుదామనుకోకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ ఎక్కాలి.

కరెంటు, రేడియేషన్ గురించి నువ్వు ఎలక్ట్రీషియన్‌వి కాబట్టి కొంచెమే చెబుతాను. 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో సెల్ టవర్ రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. ఆ లెక్క చుట్టుపక్కల ఉండే జనానికి. ఫోన్లకు ఒక్కో దిక్కుకు సిగ్నల్ పంపే సెక్టార్ యాంటెన్నా ముందు అడుగు దూరంలో నిలబడేవాడికి అది ధైర్యం చెప్పదు. ముందు భాగంలో పని ఉంటే కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి ఆ సెక్టార్ ఆపించాలి, లేదంటే వెనక నుంచే పని చేసుకోవాలి. ఆకాశవాణి మీడియం వేవ్ మాస్ట్‌లయితే అసలు కథే వేరు. అక్కడ మాస్ట్ మొత్తం యాంటెన్నాయే, పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడి ఉంటుంది. నేల మీద కాలు పెట్టి దాన్ని ముట్టుకుంటే చర్మం కాలిపోతుంది. ట్రాన్స్‌మిటర్ ఆపకుండా దాని దగ్గరికే వెళ్లరు. హైటెన్షన్ లైన్ల టవర్ల మీద ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్లో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకున్నామని ఎవరో ఫోన్లో చెబితే సరిపోదు. రెండు వైపులా ఎర్త్ చేశాక కూడా పక్క లైను నుంచి తాకకుండానే కరెంటు పుడుతుందని, అంటే ఇండక్షన్ వస్తుందని మనసులో ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పిన వాటన్నిటికీ మందు ఉంది. మందు లేనిది తొందర ఒక్కటే. సైట్ డౌన్ అయితే పైనుంచి కిందికి ఒత్తిడి దిగుతూ వస్తుంది. ఆపరేటర్ వెండర్‌ను అడుగుతాడు, వెండర్ కాంట్రాక్టర్‌ను, అతను సబ్ కాంట్రాక్టర్‌ను, అతను నిన్ను. నిన్ను దాటి అడగడానికి ఇక ఎవరూ ఉండరు. పైగా చాలాచోట్ల డబ్బులు సైటుకు ఇంత అని ఇస్తారు. రోజుకు మూడు చేస్తే మూడింతలు. చీకటి పడ్డా, చినుకులు పడుతున్నా "ఇదొక్కటి కానిచ్చెయ్ తమ్మీ" అంటారు. ఆ మాట విని ఎక్కినవాళ్లే ఎక్కువగా ఇబ్బందుల్లో పడటం చూశాను. పరికరాలు అన్నీ ఉన్నా ఆ రోజు ఎక్కాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారో, అదే నీ రిస్క్‌ను తేలుస్తుంది.

ఇంకో మాట మీ నాన్నగారికి నేరుగా చెప్పు, ఎందుకంటే చాలామందికి తెలియదు. పడిపోయినవాణ్ని హార్నెస్ ఆపిందంటే గండం గడిచినట్టు కాదు. స్పృహ లేకుండా అలాగే వేలాడుతుంటే రక్తం కాళ్లలో పేరుకుపోయి, అరగంట లోపే ప్రాణం మీదికి రావచ్చు. 108 వస్తుంది, కానీ అంబులెన్స్ సిబ్బంది 40 మీటర్లు ఎక్కరు. పల్లెకు అంత ఎత్తు అందే ఫైరింజన్ రాదు. దింపాల్సింది జట్టులో ఉన్న రెండో మనిషే. అతనికి రెస్క్యూ కిట్ ఉండాలి, దాన్ని వాడి చూసి ఉండాలి. కాబట్టి ఒక్కణ్నే సైటుకు పంపే కాంట్రాక్టర్ ఎంత జీతం ఇస్తానన్నా వద్దు.

చేరాలా వద్దా అన్నది ఆ సబ్ కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లి చూస్తే నీకే తెలుస్తుంది. ఆఫీసులో మాటలు నమ్మకు. ఆయన జట్టు పనిచేస్తున్న సైటుకు ఒక పొద్దున వెళ్లు, ఎక్కేవాణ్ని కింద నుంచి మొదటి పది మీటర్లు మాత్రం చూడు. హుక్కులు మారుస్తున్నాడా? కింద రెండో మనిషి ఫోన్ చూస్తున్నాడా, పైకి చూస్తున్నాడా? రెస్క్యూ తాడు సంచి ఎక్కడని అడుగు. వాళ్లు దాని కోసం బండి అంతా వెతికితే అది లేనట్టే లెక్క. మొదటి రెండు నెలలు గ్రౌండ్‌లో పనిచేస్తానను, ఒప్పుకుంటే మంచి జట్టు. వెంటనే ఎక్కు అంటే మనుషుల కొరత ఉందని అర్థం, ఎందుకు కొరతో ఆలోచించు.

కాగితాల విషయంలో మొహమాటపడకు. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ కింద రావాలి, చేరిన మొదటి వారంలోనే నీ ఐపీ నంబరు, అంటే ఈఎస్ఐ బీమా నంబరు, అడిగి తీసుకో. పీఎఫ్ కటింగ్ ఉన్న పేస్లిప్ కావాలను. "మన మధ్య అవన్నీ ఎందుకు" అంటే, ప్రమాదం జరిగిన రోజు నువ్వెవరో తెలియదంటారు. ఇవేవీ కుదరకపోతే తొందరేం లేదు. నీ ఐటీఐకి డిస్కంలలో జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్ పడినప్పుడు రాయొచ్చు. అక్కడ కూడా స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. 2020లో తెలంగాణలో హైకోర్టుకు వెళ్లి అవకాశం తెచ్చుకున్న మహిళలు కూడా ఎక్కి చూపించారు. నువ్వు ఈలోపు ప్రాక్టీస్ చేసుకో.

చేరితే మాత్రం బూట్లు నీ డబ్బుతోనే కొనుక్కో. కంపెనీ ఇచ్చేవి సైజు కుదరవు. అడుగు గట్టిగా, వంగకుండా ఉండేవి తీసుకో. నిచ్చెన కమ్మీల మీద గంటల తరబడి నిలబడితే మెత్తటి అడుగులోంచి ఇనుము అరికాలిలో దిగుతుంది, సాయంత్రానికి నడవలేవు.